పెప్పర్‌మింటు దగ్గు

బోల్స్‌వార్డ్ అనే ఊళ్ళో, బజారువీధి కళ్ళజోళ్ళ కొట్లో నీంకే ముప్పయ్యేళ్ళు పనిచేసింది. పనల్లా ఒకటే. ఎదురుగా కూర్చున్నవాళ్ళ ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అందులో ఒక అద్దం వేసి "ఇదా?" అనడం, అది తీసి ఇంకోటి వేసి "ఇదా?" అనడం. మనుషులకి నిజంగా తేడా తెలిసేది మొదటి రెండు మూడు అద్దాల వరకే. ఆ తర్వాత, ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని చెబుతారు. ఈ సంగతి ఆవిడకి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలిసిపోయింది. తెలిసి ఏం లాభం? సాయంత్రం ఇంటికొచ్చేసరికి మొగుడు గెర్లోఫ్ రికార్డు ప్లేయరు పక్కన నిలబడి ఉండేవాడు. ఒక ప్లేటు పెట్టి "ఇదా?", అది తీసి ఇంకోటి పెట్టి "ఇదా?"

"రెండోది," అనేది నీంకే, కోటైనా విప్పకుండా.

"ఎందుకు?"

"ఎందుకేంటి, బాగుంది."

"బాగుంది అనేది అభిప్రాయం కాదు నీంకే, బద్ధకం."

గెర్లోఫ్ పురపాలక కార్యాలయంలో ఇళ్ళ అనుమతుల విభాగం. అటక మీద కిటికీ పెట్టుకుంటాం బాబూ అని వచ్చినవాళ్ళని, కిటికీ నాలుగు వేళ్ళు ఎక్కువైందని తిప్పి పంపడం ఆయన కొలువు. చేతికి ఎముక లేనివాళ్ళుంటారు చూడండి, ఆయన పూర్తిగా దానికి తిరగేసిన రకం. ఊళ్ళో చాలామంది అటకలు ఈ రోజుకీ చీకటిగా ఉన్నాయంటే ఆయన చలవే. రిటైరయ్యాక తిప్పి పంపడానికి మనుషులు దొరక్క, పగలు కూడా సంగీతం వాళ్ళ మీద పడ్డాడు.

అందులోనూ ప్యాషన్ మీద. ఈస్టరుకి ముందు వారాల్లో క్రీస్తు పడిన శ్రమల కథని మూడు గంటలసేపు పాడతారు కదా, అది. ఇక్కడ దేవుణ్ణి నమ్మడం మానేసినవాళ్ళు కూడా ప్యాషన్ మానరు. ఎవరి పక్షం వాళ్ళది. ఫలానావాళ్ళు నెమ్మదిగా పాడారంటే తల ఊపే ఇళ్ళున్నాయి, తలుపేసుకునే ఇళ్ళున్నాయి. గెర్లోఫ్ గదిలో గోడంతా అదే ప్యాషన్, రకరకాలవాళ్ళు పాడింది. వియన్నా వాళ్ళది "గంజి." పాతకాలపు వాద్యాలతో వాయించినవాళ్ళది "రైలు తప్పిపోతుందేమోనని భయం." లండన్ వాళ్ళది "సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి పాడారు." వినీ వినీ మెచ్చుకున్నది ఒక్కటే. తమ ఊరి పెద్ద చర్చిలో, తమ ఊరి బృందం డెబ్భైల్లో పాడి, సొంత డబ్బులతో ప్లేటు కొట్టించుకున్నది (నిజానికి నాలుగు ప్లేట్ల పెట్టె, ఇంట్లో మాత్రం అన్నీ కలిపి 'ప్లేటు'). అప్పుడు వేసినవే కొన్ని, ఇప్పుడు మిగిలినవి ఇంకా తక్కువ. ప్రపంచంలో ఎవరి దగ్గరా లేని రికార్డే ప్రపంచంలోకెల్లా గొప్పది కావడం గెర్లోఫ్‌కి భలే కలిసొచ్చింది. కాదనడానికి విన్నవాడెవడు?

దానికి ఒకటే మచ్చ. అంతా అయిపోయి, ఆఖరి బృందగానం మొదలయ్యే ముందు ఒక నిశ్శబ్దం ఉంటుంది. చర్చి మొత్తం ఊపిరి బిగబట్టి ఉంటుంది. సరిగ్గా అక్కడ ఎవరో దగ్గుతాడు. మామూలు దగ్గు కాదు. ముందు గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టు ఒక ఉక్కిరి, తర్వాత ఖళ్ళు ఖళ్ళున రెండు, చివర్న పిల్లనగ్రోవిలాంటి చిన్న ఈల.

"ఇదిగో, వచ్చాడు వెధవ!" అని గెర్లోఫ్ వేలెత్తేవాడు. ఏటా శుభ శుక్రవారం, ఆ ప్లేటు పెట్టే రోజున, అదే వేలు, అదే మాట. "మూడు గంటలు ఆపుకున్నవాడివి ఇంకో క్షణం ఆపుకోలేవా? పశువుల కొట్టంలోంచి లేచొచ్చావా? వీణ్ణి పట్టుకుని..." పట్టుకుని ఏం చేయాలో కూడా ఏటేటా చెప్పేవాడు. వినడానికొచ్చినవాళ్ళు తలలు ఊపేవాళ్ళు.

సరిగ్గా ఆ సమయానికి నీంకే కాఫీ పళ్ళెంతో లోపలికొచ్చేది. మనిషికో కప్పు, మనిషికో బిస్కెట్టు, డబ్బా మూత ఠక్కున బిగింపు. పళ్ళెం పెట్టి, వెళ్ళిపోకుండా కుర్చీ అంచున కూర్చునేది. దగ్గు అయ్యాక లేచి వెళ్ళిపోయేది. ఆఖరి పాట కోసం ఆగేది కాదు. ఇన్నేళ్ళలో ఈ వింత ఎవరి కంటా పడలేదు. చెవులు అంత గొప్పవైతే కళ్ళతో పనేముంటుంది లెండి.

ఎందుకంటే ఆ వెధవ నీంకే కన్నతండ్రి.

ఆయన పేరు ఈపే. కాలవల మీద ఇసుక పడవ నడిపేవాడు. మాట అంటే మహా పొదుపు. పడవ మీద పెరిగిన పిల్లకి తండ్రి మాటల కంటే చేతి సైగలే ఎక్కువ గుర్తు. ఆ ఏడు నీంకే, ఆమె స్నేహితురాలు కలిసి ప్యాషన్‌కి టికెట్లు కొనుక్కున్నారు. స్నేహితురాలికి జ్వరమొచ్చింది. డబ్బు పోసి కొన్న టికెట్టు వృథా అవుతుందంటే ఈపే సహించలేకపోయాడు. పెళ్ళినాటి కోటు తొడుక్కుని, జేబులో పెప్పర్‌మింటు బిళ్ళలు వేసుకుని, ఆ జన్మకి ఒకే ఒక్కసారి సంగీతం వినడానికి బయల్దేరాడు.

చర్చిలో పెప్పర్‌మింటు ఎప్పుడు నోట్లో వేసుకోవాలో ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. పాటలు అయిపోయి, ఫాదిరీ ప్రసంగానికి నిలబడి, అందరూ సర్దుకుని ఒక్క క్షణం నిశ్శబ్దం అవుతుందే, అప్పుడు. ముందు వేసుకుంటే ప్రసంగం మధ్యలో అయిపోతుంది. పాపం ఈపే మూడు గంటలసేపు బిళ్ళ చేత్తో పట్టుకుని ఎదురుచూశాడు. పాట వెనక పాట. ప్రసంగం ఊసే లేదు. చివరికి ఆ మహా నిశ్శబ్దం వచ్చింది. అమ్మయ్య, ఇక ఫాదిరీ మొదలెడతాడనుకుని టప్పున బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. అంతలో వంద గొంతులు ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు. బిళ్ళ అడ్డదారి పట్టింది.

దారి పొడుగునా ఇద్దరూ సైకిళ్ళ మీద నవ్వుకుంటూ ఇంటికి వచ్చారు. తండ్రి అంతలా నవ్వడం నీంకే అంతకుముందు చూడలేదు, తర్వాత చూసే అదృష్టం లేకపోయింది. ఆ శరత్కాలంలోనే పోయాడు. ఫొటోలు నాలుగున్నాయి. గొంతు ఎక్కడా లేదు. మాట్లాడని మనిషి గొంతు పట్టి దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

తర్వాత కొన్నేళ్ళకి గెర్లోఫ్ పరిచయమయ్యాడు. మొదటిసారి తన గదికి పిలిచి, కాఫీ ఇచ్చి, "కదలకు, మాట్లాడకు" అని ఆ ప్లేటు పెట్టాడు. నీంకే మర్యాదకి కూర్చుంది. మూడు గంటల తర్వాత, ఆ గదిలో, తండ్రి దగ్గాడు. నీంకే కళ్ళు ధారలు కట్టాయి. అప్పుడే ఆల్టోలు, అంటే కింది స్వరం పాడే ఆడవాళ్ళు, పాట అందుకున్నారు. గెర్లోఫ్ ఆ కన్నీళ్ళు చూశాడు. "నీంకే, తప్పు చోట ఏడ్చేవాళ్ళని చాలామందిని చూశాను. సరిగ్గా ఆల్టోలు అందుకునే చోట ఏడ్చినదానివి నువ్వొక్కదానివే," అని అక్కడికక్కడే పెళ్ళాడమని అడిగాడు.

ఎదురుగా మనిషి ముఖం దీపంలా వెలుగుతుంటే, 'కాదు నాయనా, ఆ దగ్గుకి' అని ఏ పిల్ల చెబుతుంది? మర్నాడు చెబుదామనుకుంది. మర్నాటికే ఆయన వాళ్ళమ్మకి చెప్పేశాడు. ఆ తర్వాత ప్రతి పుట్టినరోజుకీ, గుండ్రంగా వేసిన కుర్చీల్లో చుట్టాలందరి మధ్యా, కేకు ముక్క చేత్తో పట్టుకుని అదే కథ. "ఆల్టోల దగ్గర!" అని వేలెత్తేవాడు. ఆ కథ మీద ఒక కాపురం కట్టి, ఇద్దరు పిల్లల్ని పెంచారు. ఇంకేం చెబుతుంది! పైగా ఏడాదికోసారి తండ్రిని ఎవరో ఒకరు తిట్టడం ఆవిడకి లోలోపల ఇష్టమే. బతికుండగా ఆయన్ని పట్టించుకున్నవాడెవడు గనక?

ఇలా సాగిపోతుండగా పక్కింటి డౌవే ఈ వసంతంలో కొంప ముంచాడు.

డౌవే మంచివాడే. చెవి మిషన్లు బాగుచేసే పని నుంచి రిటైరయ్యాడు. కొడుకు కంప్యూటరు కొనిచ్చినప్పటి నుంచీ దేన్నో ఒకదాన్ని శుభ్రం చెయ్యకపోతే నిద్రపట్టదు. "గెర్లోఫ్, ఆ ప్లేటు ఇవ్వు. చిటపటలు తీసేసి సీడీ చేసిస్తా. నీ దగ్గు కూడా తీసేస్తా, ఆనవాలు కూడా ఉండదు," అన్నాడు.

గెర్లోఫ్ చిన్నపిల్లాడైపోయాడు. ఆ పూట వంటింట్లోకొచ్చి నీంకే నడుం పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. "వదిలిపోతోంది నీంకే! పీడ వదిలిపోతోంది!"

నీంకేకి చేతిలో గరిటె బరువైపోయింది. "పోనీలే, ఇన్నాళ్ళూ ఉంది. ఆ దగ్గు వల్ల నీకు వచ్చిన నష్టమేమిటి?"

"నష్టమా? చర్చి గోడ మీద పేడ కొడితే నష్టమేమిటి అన్నట్టుంది."

"సరే, శుభ్రం చేసింది శుభ్రంగా పెట్టుకో. పాత ప్లేటు కూడా పక్కన ఉంటుంది."

గెర్లోఫ్ ఆశ్చర్యంగా చూశాడు. "చట్టం నువ్వేగా పెట్టావు?"

నిజమే. ఆవిడే పెట్టింది. ఒకప్పుడు ఈ ప్లేట్లు మెట్ల మీదకి, మెట్ల మీద నుంచి పిల్లల గదిలోకి పాకితే, నీంకే నడుం మీద చేతులు పెట్టుకుని తేల్చిచెప్పింది: అరలోకి ఒకటి వస్తే ఒకటి పోవాలి. గెర్లోఫ్‌కి చట్టం అంటే చట్టం. సొంత తమ్ముడి కిటికీనే ఒప్పుకోని మనిషి. పైగా గ్రోనింగెన్‌లో ఒకాయన ఆ పాత ప్లేటు కోసం ఏళ్ళుగా కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. ఈస్టరు సోమవారం వచ్చి పట్టుకెళ్ళమని గెర్లోఫ్ అప్పుడే కబురు పెట్టేశాడు.

"ఈ ఒక్కసారికి చట్టం పక్కన పెట్టు," అంది నీంకే.

"ఈ ఒక్కసారికి అన్నవాళ్ళందరికీ పక్కన పెట్టి ఉంటే ఈ ఊరు ఎలా ఉండేదో తెలుసా?"

'వెలుతురుగా ఉండేది' అనబోయి నాలుక కరుచుకుంది. డౌవే దగ్గరికీ వెళ్ళింది. "దగ్గు తియ్యకు డౌవే, పుణ్యముంటుంది," అంది. "ఎందుకమ్మా?" అన్నాడు. ఎందుకో చెప్పాలంటే ఆల్టోల సంగతి చెప్పాలి. ముందు మొగుడికి చెప్పని మాట పక్కింటివాడికి చెబుతుందా? పెరట్లో గడ్డి గురించి రెండు మాటలు మాట్లాడి తిరిగొచ్చేసింది. దారిలో తన మీద తనకే అసహ్యం వేసింది.

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం తర్వాత బుధవారం వాళ్ళింట్లో గుడ్డి సాయంత్రం. పేరు గెర్లోఫ్ పెట్టిందే. తలుపు వెనక నుంచి ఆఖరి బృందగానం మాత్రం మూడు రకాలు వినిపిస్తారు. ఏది ఎవరిదో చెప్పరు. విన్నవాళ్ళు బళ్ళో వేసినట్టు పదికి మార్కులు వేసి, ఏది ఏదో పోల్చి చెప్పాలి. నెగ్గినదానికే అరలో చోటు. ఈసారి డౌవే శుభ్రం చేసింది, దానికి పోటీగా ఇంకో రెండు. నెగ్గేది ఏదో గెర్లోఫ్‌కి ముందే తెలుసు. "నిద్రలో లేపి వినిపించు, నాది నేను పోల్చకపోతే చెవులు కోసుకుంటా," అని డౌవేతో అన్నాడు కూడా.

డౌవే కంప్యూటరుతో నడవాలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. గదిలో గెర్లోఫ్, నీంకే, ఇంకా బౌక్యే గారు. బౌక్యే గారు పెద్ద చర్చిలో ఆర్గాన్ వాయించి వాయించి వేళ్ళు వంకరపోయిన పెద్దావిడ. వినిపించకపోయినా వినిపించినట్టు ఉండటం ఆవిడకి చేతకాదు, అందుకే గెర్లోఫ్‌కి ఆవిడంటే బెరుకు.

మొదటిది మొదలైంది. నిశ్శబ్దం. ఆ వెంటనే పాట. గెర్లోఫ్ ముఖం చిట్లించాడు.

"ఎక్కడో స్టూడియోలో పాడారు," అన్నాడు అయ్యాక. "మనిషి వాసన లేదు. ఆ నిశ్శబ్దం చూశారా? ఖాళీ బీరువా. ఆల్టోలకి తొందర. లండన్ వాళ్ళే, సబ్బు వాసన ఇక్కడికొస్తోంది. నాలుగు."

"నాకు పాట బాగానే ఉంది," అంది బౌక్యే గారు. "ఏదో పోగొట్టుకున్నట్టు మాత్రం ఉంది."

 నీంకేకి తెలిసిపోయింది. తండ్రి ఉండాల్సిన చోట గోడకి వెల్ల వేసేసినట్టుంది.

రెండోది పాతకాలపు వాద్యాలవాళ్ళది. గెర్లోఫ్ రెండు చరణాలకే పోల్చి, రైలు జోకు వేసి, ఐదు మార్కులు పారేశాడు. మూడోది మొదలైంది. మెల్లిగా, చిక్కగా, బరువుగా. గెర్లోఫ్ కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి గాలిలోకి లేచింది. పాట అయ్యేసరికి కళ్ళు చెమర్చాయి.

"ఇదీ!" అన్నాడు. "ఇదీ మన ఊరు! విన్నారా ఆ ఆల్టోలు? నేల మీద కాళ్ళు ఆనించి పాడే మనుషులు. దగ్గు తీసేసరికి బంగారం బయటపడింది. తొమ్మిదిన్నర. నీంకే, గుర్తుందా? నువ్వు ఏడ్చింది ఇక్కడే!"

డౌవే తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. చేతిలో మూడు రికార్డుల అట్టలు.

"గెర్లోఫ్... ఇది వియన్నా."

"ఏ వియన్నా?"

"నీ గంజి."

గెర్లోఫ్ అట్ట లాక్కుని చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. నీంకే అంతమంది కస్టమర్లని చూసింది గాని అంత అయోమయం ఎవరి ముఖంలోనూ చూడలేదు.

"అయితే మనది?"

"మొదటిది. నాలుగు మార్కులు వేశావు," అన్నాడు డౌవే, అపరాధిలా.

"నువ్వు పాడుచేశావు! ఏదో నొక్కావు, ఏదో చెరిపావు!"

"చిటపటలూ దగ్గూ తప్ప ఇంకేమీ తియ్యలేదయ్యా. ఒట్టు."

బౌక్యే గారు ముందు ముక్కుతో నవ్వింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓయి గెర్లోఫ్, ఇన్నేళ్ళుగా నువ్వు విన్నది పాట కాదయ్యా, దగ్గు! మీ వెధవ దారి చూపించకపోతే నీకు బోల్స్‌వార్డూ తెలీదు, వియన్నా తెలీదు!" అని కళ్ళు తుడుచుకుంది. "ఎవడో గాని, మహానుభావుడు. బతికే ఉన్నాడంటావా?"

"లేడు," అంది నీంకే.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"పోయాడు. ఆ ఏడే. మా నాన్న." ఆగితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పేసింది. టికెట్టు, కోటు, పెప్పర్‌మింటు, రాని ప్రసంగం, సైకిళ్ళ మీద నవ్వు, అన్నీ. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "నాకు ఆయనది మిగిలింది అదొక్కటే. దాన్ని గ్రోనింగెన్ పంపేస్తున్నావు నువ్వు."

డౌవే నేల చూపులు చూశాడు. బౌక్యే గారు నీంకే చెయ్యి పట్టుకుంది. గెర్లోఫ్ వియన్నా అట్టని బల్ల మీద బోర్లా పెట్టాడు. నోరు తెరిచి ఏమన్నాడనుకున్నారు? ఓదార్పు మాటా? రామ రామ!

"అయితే ఆ రోజు... ఆల్టోలకి కాదా?"

"కాదు గెర్లోఫ్."

"ఒక్క చుక్క కూడానా?"

"ఒక్క చుక్క కూడా."

ఆయన లేచి, కోటు వేసుకోకుండానే పెరట్లోకి వెళ్ళి చలిలో నిలబడ్డాడు. మర్నాడంతా మూతి ముడుచుకునే ఉన్నాడు. రొట్టె ముందు పెడితే తిన్నాడు, మాట లేదు. ఒక్కసారి మాత్రం గిన్నెలు తుడుస్తూ, తనలో తాను అన్నట్టు, "మా అమ్మకి కూడా చెప్పాను," అన్నాడు. నీంకేకి జాలేసింది, ఒళ్ళూ మండింది. తండ్రి పోయింది తనకి, పరామర్శ కావలసింది ఈయనకి!

శుభ శుక్రవారం మధ్యాహ్నం ఎప్పట్లాగే ప్లేటు పెట్టే వేళ. నీంకే వంటింట్లోంచి వింది. పెట్టింది ఏదో తెలియలేదు. అరలో ఏది ఉందో, ఏది గ్రోనింగెన్‌కి మూటకట్టి ఉందో అడగడానికి ఆవిడకి పౌరుషం అడ్డొచ్చింది. మూడు గంటలు గడిచాక కాఫీ పళ్ళెం పట్టుకుని వెళ్ళింది. సూది కింద చిటపటలు వినబడుతున్నాయి. పాత ప్లేటే.

డౌవే చేసిచ్చిన సీడీ చెత్తబుట్టలో ఉంది. గెర్లోఫ్ స్వరాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, దాన్ని చూడకుండా కూర్చున్నాడు. నీంకే కుర్చీ ఈసారి ఆయన కుర్చీ పక్కకి జరిపి ఉంది. ఆవిడ అంచున కూర్చోబోతే, "సరిగ్గా కూర్చో," అన్నాడు, ముఖం చూడకుండా.

నిశ్శబ్దం వచ్చింది. గెర్లోఫ్ చెయ్యి పైకి లేచింది, అలవాటు కొద్దీ. వేలు లేవలేదు. ఆ చెయ్యి జేబులోకి వెళ్ళి ఒక పెప్పర్‌మింటు బిళ్ళ తీసి నీంకే అరచేతిలో పెట్టింది. ఆయన ప్లేయరు వైపు కొంచెం వంగి, పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతుతో, "మెల్లిగా, మామయ్యగారూ," అన్నాడు.

ఈపే ఎప్పుడు ఎవరి మాట విన్నాడు గనక? దగ్గనే దగ్గాడు.